లీడ్‌లెస్ పేస్‌మేకర్ పెట్టి మూడు నెలలు: థ్రెషోల్డ్ పెరిగింది, బ్యాటరీ తగ్గింది, పల్స్ 40 చూపిస్తోంది

హుజూరాబాద్ తమ్ముడి ప్రశ్న పొడుగ్గా ఉంది కాబట్టి, మిగతావాళ్లకు అర్థమయ్యేలా ముందు క్లుప్తంగా చెప్తాను. వాళ్ల బాపుకి 68 ఏళ్లు. షుగర్ ఉంది, కిడ్నీలు పనిచేయక వారానికి మూడుసార్లు వరంగల్‌లో డయాలసిస్. కంప్లీట్ హార్ట్ బ్లాక్‌తో (గుండె పై గది కరెంట్ కింది గదికి అందకపోవడం) కళ్లు తిరిగి పడిపోతే హైదరాబాద్‌లో లీడ్‌లెస్, అంటే వైర్లు లేని పేస్‌మేకర్ పెట్టారు. కార్డు మీద మైక్రా ఏవీ అని దాని రకం పేరు ఉంది. పెట్టిన రోజు థ్రెషోల్డ్ (గుండెను కొట్టించడానికి కావాల్సిన కనీస వోల్టేజీ) 0.5 వోల్టులు, మూడు నెలల చెకప్‌లో 1.25. బ్యాటరీ అప్పుడు 12 ఏళ్లకు పైగా అని వచ్చింది, ఇప్పుడు 9 ఏళ్లు అంటోంది. ఇంట్లో బీపీ మెషిన్‌లో పల్స్ అప్పుడప్పుడు 38, 40 చూపిస్తోంది. మెట్లెక్కితే ఆయాసం, రోజంతా నీరసం. మిషన్ పాడైందా, పెట్టడంలోనే తేడా వచ్చిందా, పొలం కాడ మోటర్ స్టార్టర్ ముట్టుకోవచ్చా అని అడుగుతున్నాడు.

నేను హనుమకొండలో క్యాథ్‌ల్యాబ్ టెక్నాలజిస్ట్‌ని. పేస్‌మేకర్ చెకప్‌లు చేయడం, ఆ కాగితాలు చదివి డాక్టర్‌కు చెప్పడం చాలా ఏళ్లుగా నా రోజువారీ పని. మందులు మార్చేది డాక్టరే. కాబట్టి ఇక్కడ చెప్పేదాన్ని మీ డాక్టర్‌తో మాట్లాడటానికి వాడుకోండి, దాని బదులుగా కాదు.

ముందు సూటిగా జవాబు. మీరు రాసిన అంకెల్ని బట్టి మిషన్ పాడైనట్టు లేదు. 1.25 వోల్టులు భయపడాల్సిన అంకె కాదు. బ్యాటరీ అంచనా తగ్గడం ఆ 1.25 వల్ల వచ్చిందే, అది వేరే సమస్య కాదు. నాకు పట్టింపుగా అనిపించేవి రెండు: పల్స్ 40 దగ్గర కనిపించడం, నీరసం. ఈ రెండూ సెట్టింగుల వల్ల వచ్చి ఉండొచ్చు, అలాగైతే ప్రోగ్రామర్ (పేస్‌మేకర్ సెట్టింగులు చూసి మార్చే కంప్యూటర్) ముందు కూర్చుంటే సరిచేయొచ్చు. కానీ ఈసీజీ తీయకుండా ఎవరూ తేల్చలేరు. ఈ వారంలోనే తీయించండి. మధ్యలో మళ్లీ కళ్లు తిరిగినా, స్పృహ తప్పినా, చెకప్ తేదీ కోసం ఆగొద్దు, వెంటనే దగ్గర్లోని పెద్ద దవాఖానకు తీసుకెళ్లండి.

ఇక అసలు విషయం. మీ బాపుకి పెట్టిన లీడ్‌లెస్ పేస్‌మేకర్ అంటే దాదాపు 26 మిల్లీమీటర్ల పొడవు, రెండు గ్రాముల లోపు బరువున్న క్యాప్సూల్. గుండె కుడి కింది గదిలోపల కండరాన్ని పట్టుకుని ఉంటుంది. ఛాతీ మీద డబ్బా లేదు, వైర్లు లేవు. అందుకే చాలామంది "పెట్టేశారు, అయిపోయింది" అనుకుంటారు. నిజానికి అది ఎంత బాగా పనిచేస్తుందన్నది పెట్టిన తర్వాత గుండె కండరం ఎలా ఉంది, రక్తంలో లవణాలు ఎలా ఉన్నాయి, సెట్టింగులు ఆ మనిషికి సరిపడా మార్చారా అన్నవాటి మీదే ఎక్కువ ఆధారపడుతుంది. నేను చూసిన ఇబ్బందుల్లో ఎక్కువ భాగం క్యాప్సూల్‌వి కావు, సెట్టింగులవి.

థ్రెషోల్డ్ గురించి మొదట. గాఢ నిద్రలో ఉన్న మనిషిని లేపాలంటే ఎంత గట్టిగా పిలవాలో, గుండె కండరాన్ని కొట్టించడానికి కనీసం ఎన్ని వోల్టులు కావాలో అదే థ్రెషోల్డ్. చెకప్‌లో మేం చేసేది ఇది: మంచం మీద పడుకోబెట్టి, ఈసీజీ తీగలు అంటించి, ప్రోగ్రామర్‌కు ఉండే చిన్న చేతి పరికరాన్ని ఛాతీ మీద పెడతాం. వోల్టేజీ మెట్టు మెట్టుగా తగ్గిస్తూ పోతాం. తెర మీద ప్రతి సిగ్నల్ వెనుక వెడల్పాటి కొండలాంటి గీత వస్తూ ఉంటుంది. ఒకచోట సిగ్నల్ ఉంటుంది, వెనుక గీత ఉండదు. అక్కడ వెంటనే ఆపి మామూలు వోల్టేజీకి వస్తాం. చివరిసారి గీత కనిపించిన వోల్టేజీయే మీ కాగితం మీద రాసే అంకె. మీ బాపుకి సొంత లయ సరిగ్గా లేదు కాబట్టి ఆ క్షణం కళ్లు తిరిగినట్టు అనిపించి ఉంటుంది. అది పరీక్షలో భాగమే, టెన్షన్ పడొద్దు.

ఆ అంకె పక్కన 0.24 అని ఇంకో చిన్న అంకె ఉంటుంది, చూడండి. సిగ్నల్ ఎంతసేపు ఇస్తుందో అది, మిల్లీసెకన్లలో. మైక్రాలో 0.24 దగ్గర కొలుస్తారు. వైర్లున్న పాత రకం పేస్‌మేకర్లలో సాధారణంగా 0.4 దగ్గర కొలుస్తారు. ఆ సమయం (దీన్నే సిగ్నల్ వెడల్పు అంటాం) తక్కువైతే వోల్టేజీ ఎక్కువ కావాలి. కాబట్టి "మా మామకు పెట్టిన పేస్‌మేకర్‌లో 0.6 ఉంది, మా బాపుకి 1.25 ఉంది, రెట్టింపు అయ్యింది" అని పోల్చకండి. కొలిచిన తీరే వేరు.

మైక్రా మొదటి పెద్ద అధ్యయనం 2016లో వచ్చింది. 725 మందికి ప్రయత్నిస్తే 719 మందికి విజయవంతంగా పెట్టగలిగారు. ఆరు నెలల తర్వాత 0.24 దగ్గర 2 వోల్టులు లేదా అంతకు తక్కువ ఉండి, పెట్టినప్పటికంటే ఒకటిన్నర వోల్టు కంటే ఎక్కువ పెరగకపోతే, దాన్ని తక్కువగా, నిలకడగా ఉన్న థ్రెషోల్డ్‌గా లెక్కించారు. ఆ ప్రమాణంలో 98 శాతానికి పైగా పాసయ్యారు. మీ బాపుది పెరిగింది 0.75 వోల్టు, ఉన్నది 1.25. రెండు కొలమానాల్లోనూ లోపలే ఉంది.

ఎందుకు పెరిగింది? ఒక కారణం మామూలుది. క్యాప్సూల్‌కు ఉండే నాలుగు చిన్న నిటినాల్ లోహపు కొక్కేలు కండరాన్ని పట్టుకున్నప్పుడు అక్కడ చిన్న గాయం అవుతుంది. వాపు వస్తుంది, తర్వాత మచ్చ కడుతుంది. క్యాప్సూల్ కొసన కొద్దిగా స్టెరాయిడ్ ఉంటుంది, అది వాపు మరీ పెరగకుండా చూస్తుంది. మొదటి వారాల్లో కొందరికి థ్రెషోల్డ్ తగ్గుతుంది, కొందరికి పెరుగుతుంది, రెండు మూడు నెలలకు ఒక దగ్గర కుదురుకుంటుంది. అందుకే ఒక్క అంకెను చూసి నిర్ణయం చేయకూడదు. వరుసగా మూడు కాగితాలు పక్కపక్కన పెట్టి చూడాలి. 0.5, 1.25, తర్వాత 1.25 అయితే కుదురుకున్నట్టు. 0.5, 1.25, తర్వాత 2.25 అయితే ఆలోచించాలి.

కొక్కేలు ఎక్కడ పట్టుకున్నాయన్నది కూడా లెక్కే. గుండె కొసలో కాకుండా రెండు గదుల మధ్య గోడకు పెట్టడం మంచిదని ఇప్పుడు అందరూ అనుసరిస్తున్నారు. కొసలో గోడ పలుచగా ఉంటుంది, రంధ్రం పడే ప్రమాదం ఎక్కువ. నాలుగింటిలో కనీసం రెండు కొక్కేలైనా పట్టుకున్నాయని ఎక్స్‌రే తెర మీద మెల్లగా లాగి చూసుకున్నాకే వదిలేస్తారు. ముసలివాళ్లు, బక్కగా ఉన్నవాళ్లు, ఆడవాళ్లు, ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవాళ్లలో రంధ్రం ముప్పు ఎక్కువ. 2021 నవంబర్‌లో అమెరికా మందులు, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ డాక్టర్లను ఈ విషయం మీదే హెచ్చరించింది. ఇది ఎక్కువగా పెట్టిన రోజు, ఆ దగ్గరి రోజుల్లో బయటపడే సమస్య. మూడు నెలలు గడిచాయి కాబట్టి మీకు ఆ చింత అక్కర్లేదు. మైక్రా పట్టు ఒకసారి కుదిరాక జారిపోవడం చాలా అరుదు. చెయ్యి పైకెత్తితే ఊడుతుందేమో అన్న భయం వైర్ల పేస్‌మేకర్ కాలం నాటిది. చెయ్యి హాయిగా ఎత్తొచ్చు.

మీ బాపు విషయంలో నేను ఎక్కువ అనుమానించేది రెండో కారణాన్ని. పొటాషియం.

డయాలసిస్ పేషెంట్ల రక్తంలో పొటాషియం రోజూ ఒకేలా ఉండదు. డయాలసిస్ అయ్యాక తగ్గుతుంది, మళ్లీ వెళ్లే దాకా మెల్లగా పెరుగుతుంది. వారానికి మూడుసార్లు అంటే ఒకచోట రెండు రోజుల గ్యాప్ వస్తుంది కదా, ఆ గ్యాప్ చివర అది అన్నిటికంటే ఎక్కువ. పొటాషియం బాగా పెరిగితే గుండె కండరం సిగ్నల్‌కు స్పందించడం మందగిస్తుంది, థ్రెషోల్డ్ పెరుగుతుంది. మరీ పెరిగితే పేస్‌మేకర్ సిగ్నల్ ఇచ్చినా గుండె కొట్టకపోవచ్చు. రక్తంలో ఆమ్లం పెరిగినా ఇదే. పేస్‌మేకర్ తన పని తాను చేస్తూనే ఉంటుంది, కండరం వినదు. మా దగ్గర భూపాలపల్లి వైపు పేషెంట్ ఒకాయనకు సోమవారం డయాలసిస్‌కు ముందు కొలిస్తే ఒక అంకె, మరుసటి చెకప్‌లో డయాలసిస్ అయ్యాక కొలిస్తే దానికంటే బాగా తక్కువ. క్యాప్సూల్ అదే, మనిషి అదే. అప్పటి నుంచి డయాలసిస్ పేషెంట్ల కాగితం మీద "ముందు" లేదా "తర్వాత" అని చేత్తో రాసి ఇస్తాను. మీ 1.25 ఏ రోజు కొలిచారు? గ్యాప్ తర్వాత రోజైతే ఆ అంకెను ఆ వెలుగులోనే చూడాలి. అదే వారం రక్తపరీక్షలో పొటాషియం ఎంతుందో పక్కన పెట్టి చూడండి.

కాబట్టి మీ ఇంట్లో పేస్‌మేకర్‌ను కాపాడే పనిలో ఎక్కువ భాగం వంటింట్లోనే ఉంది. ఎండాకాలం మన దగ్గర నీరసంగా ఉందంటే మొదట ఇచ్చేది కొబ్బరిబోండం. అందరికీ మంచిదే, డయాలసిస్ పేషెంట్‌కు కాదు. బత్తాయి రసం, అరటిపండు, టమాటా చారు ఎక్కువగా పోసుకోవడం కూడా అంతే. ఆలుగడ్డలాంటివి తినాలనిపిస్తే చిన్న ముక్కలు కోసి, ఎక్కువ నీళ్లలో నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, మళ్లీ వేరే నీళ్లలో ఉడికించి వంపేయమని కిడ్నీ డాక్టర్లు చెప్తారు. ఇంకోటి, బీపీకి మంచిదని మార్కెట్లో దొరికే లో సోడియం ఉప్పు ప్యాకెట్లు. సోడియం తగ్గించిన చోట పొటాషియం కలుపుతారు. ప్యాకెట్ వెనుక చదవండి. ఆ ఉప్పు మీ ఇంట్లో ఉంటే ఇవాళే పక్కన పెట్టండి.

మోకాళ్ల నొప్పులకు ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర తెచ్చుకునే గోళీల మాట కూడా చెప్పాలి. మిగిలిన కాస్త కిడ్నీని ఆ పెయిన్ కిల్లర్లు దెబ్బతీస్తాయి, పొటాషియం పెంచుతాయి. డయాలసిస్ దాకా రాని, కిడ్నీ కొంచెం తగ్గిన పేషెంట్లకు ఇది ఇంకా ముఖ్యం. బీపీ, గుండె మందుల్లో టెల్మిసార్టాన్, స్పైరోనోలాక్టోన్ లాంటివి కూడా పొటాషియం పెంచగలవు. అవి అవసరమై ఇస్తారు, సొంతంగా మానేయొద్దు, రక్తపరీక్ష మాత్రం తప్పించొద్దు. గుండె లయ సరిచేయడానికి ఇచ్చే ఫ్లెకైనైడ్, ప్రొపాఫెనోన్ అనే మందులు నేరుగా థ్రెషోల్డ్‌నే పెంచుతాయి. అలాంటిది ఏదైనా కొత్తగా మొదలుపెడితే పేస్‌మేకర్ చెకప్ ముందుకు జరపమని అడగండి.

బ్యాటరీ లెక్క ఇప్పుడు సులువుగా అర్థమవుతుంది. మైక్రాలో ఒక ఏర్పాటు ఉంది: థ్రెషోల్డ్‌ను తానే తరచూ కొలుచుకుని, దానికి మామూలుగా అర వోల్టు కలిపి సిగ్నల్ ఇస్తుంది. అంటే థ్రెషోల్డ్ 0.5 ఉన్నప్పుడు దాదాపు 1 వోల్టు, 1.25 అయ్యాక దాదాపు 1.75. సిగ్నల్‌కు ఖర్చయ్యే శక్తి వోల్టేజీ వర్గాన్ని బట్టి ఉంటుంది. 1.75ను 1.75తో గుణిస్తే మూడుకు పైగా వస్తుంది. ఒక్కో సిగ్నల్‌కు ఖర్చు దాదాపు మూడింతలు అయ్యిందన్నమాట. మీ బాపుకి హార్ట్ బ్లాక్ కాబట్టి చాలా బీట్లు పేస్‌మేకరే ఇస్తుంది. అన్నీ అదే ఇస్తుందనుకుంటే నిమిషానికి 60 చొప్పున రోజుకు 86,400 సార్లు, ఏడాదికి మూడు కోట్ల పైచిలుకు. అయినా 12 ఏళ్లు నాలుగేళ్లకు పడిపోలేదు, 9 దగ్గరే ఆగింది. ఎందుకంటే లోపలి సర్క్యూట్ తన సొంత ఖర్చు ఎలాగూ తాను చేస్తుంటుంది, అది మారదు. పైగా ఆ సంవత్సరాల అంకె ఇప్పటి సెట్టింగులు ఇలాగే ఉంటే ఎంతకాలం వస్తుందన్న అంచనా మాత్రమే. థ్రెషోల్డ్ దిగితే మళ్లీ పెరుగుతుంది. మొదటి ఏడాది ఆ అంకెను పట్టించుకుని నిద్ర పాడుచేసుకోకండి. థ్రెషోల్డ్ నిలకడగా ఎక్కువగానే ఉండిపోతే, వోల్టేజీ పెంచుతూ పోవడం కంటే సిగ్నల్ వెడల్పు 0.24 నుంచి 0.4కు మార్చడం కొందరిలో లాభం. అది మీ డాక్టర్ చూసి చెప్పేది.

లీడ్‌లెస్ బ్యాటరీల మీద అనుమానం ఉత్తి పుకారు కాదని కూడా చెప్పడం న్యాయం. మైక్రా కంటే ముందు వచ్చిన నానోస్టిమ్ అనే క్యాప్సూల్‌లో బ్యాటరీ ఉన్నట్టుండి పనిచేయకపోవడం బయటపడి, 2016లో దాన్ని పెట్టడం ఆపేశారు. మీ బాపుకి పెట్టింది వేరే కంపెనీది, వేరే డిజైన్. మైక్రా బ్యాటరీ అయిపోయిన రోజు సాధారణంగా పాతదాన్ని ఆఫ్ చేసి అక్కడే వదిలేసి, పక్కన ఇంకోటి పెడతారు. ఏళ్లు గడిచాక దాని చుట్టూ కండరం పొరలా కప్పేస్తుంది, తీయడం కష్టం. తర్వాత వచ్చిన అవీర్ అనే రకం స్క్రూలా తిరిగి పట్టుకుంటుంది, అవసరమైతే వెనక్కి తీసేలా తయారుచేశారు.

ఇప్పుడు పల్స్ 40 మాట. ఇది కొంచెం ఓపిగ్గా చదవండి.

మీ బాపు సెట్టింగులో కనీస రేటు 50 లేదా 60 పెట్టి ఉంటారు. దానికి కింద కనిపిస్తే మూడు దారులు ఉన్నాయి. ఒకటి, మధ్యమధ్యలో గుండె తానే ఎక్స్‌ట్రా బీట్లు వేస్తుంది. అవి బలహీనంగా ఉంటాయి, మణికట్టు దాకా రావు. బీపీ మెషిన్ వాటిని లెక్కపెట్టదు. గుండె నిమిషానికి 70 కొడుతున్నా మెషిన్ 38 అంటుంది. చాలాసార్లు ఇదే. రెండోది, పొటాషియం లాంటి కారణంతో సిగ్నల్ ఇచ్చినా గుండె కొట్టకపోవడం. అరుదు, కానీ ప్రమాదకరం. అందుకే ఈసీజీ తప్పదన్నాను. అది కూడా పది సెకన్ల ముక్క కాదు, ఒక నిమిషం పొడవు పట్టీ తీయమనండి. లీడ్‌లెస్ పేస్‌మేకర్ సిగ్నల్ గీత చాలా చిన్నది, ఈసీజీలో కనపడకపోవచ్చు. గీత లేదని "పేస్‌మేకర్ పనిచేయట్లేదు" అని ఎవరైనా తొందరపడి అంటే, ఇది లీడ్‌లెస్ అని చెప్పండి.

మూడోది మైక్రా ఏవీకే ప్రత్యేకం, చాలామందికి తెలియనిది. పై గది నుంచి కింది గదికి సొంతంగా కరెంట్ వస్తోందేమో చూడటానికి ఈ మిషన్ అప్పుడప్పుడు 40 రేటుకు దిగి వేచి చూస్తుంది. కింది గది తానే 40 కంటే ఎక్కువ కొడితే, "పర్వాలేదు, సొంతంగా నడుస్తోంది" అనుకుని 40 దగ్గరే ఉండిపోతుంది. బ్యాటరీ పొదుపు కోసం, అనవసరంగా పేసింగ్ చేయకుండా ఉండటం కోసం పెట్టిన మంచి ఏర్పాటు ఇది. బ్లాక్ వచ్చిపోయే వాళ్లకు బాగా పనికొస్తుంది. కానీ పూర్తి బ్లాక్ ఉండి, కింది గది సొంతంగా 42, 44 కొట్టే మనిషిలో ఇది మోసపోతుంది. పై గది 80 కొడుతుంటుంది, కింది గది తన మానాన తాను 42 కొడుతుంటుంది, మిషన్ అంతా బాగుందనుకుని ఊరుకుంటుంది. మనిషికి మాత్రం నీరసం, మెట్లెక్కితే ఆయాసం. మీరు రాసిన రెండు బాధలూ ఇందులో ఇమిడిపోతాయి, అందుకే నా అనుమానం ఇటువైపే ఎక్కువ. చెకప్‌లో "ఏవీ కండక్షన్ మోడ్ స్విచ్ ఆన్‌లో ఉందా, ఎంత శాతం సమయం వీవీఐ ప్లస్ మోడ్‌లో గడిచింది" అని అడగండి. వీవీఐ ప్లస్ అంటే ఆ 40 రేటు దగ్గర వేచి ఉండే మోడ్. ఆ శాతం ఎక్కువగా ఉంటే, ఆ స్విచ్ ఆఫ్ చేయాలా అన్నది డాక్టర్ అక్కడే నిర్ణయిస్తారు.

నీరసానికి ఇంకో సెట్టింగు కూడా కారణం కావచ్చు. మైక్రా ఏవీ ఉండేది కింది గదిలోనే. పై గదిలో వైరు లేదు. మరి పై గది ఎప్పుడు కొట్టిందో ఎలా తెలుస్తుంది? పై గది ముడుచుకుని రక్తాన్ని కిందికి నెట్టినప్పుడు వచ్చే చిన్న కదలికను లోపలి యాక్సిలరోమీటర్‌తో పట్టుకుంటుంది. అద్భుతమైన పని, కానీ సున్నితమైనది. అధ్యయనంలో విశ్రాంతిగా ఉన్నప్పుడు సగటున 89 శాతం బీట్లలో రెండు గదుల వరుస కుదిరింది. అయితే గుండె వేగం 100, 110 దాటాక ఆ కదలికలు ఒకదాని మీద ఒకటి పడి, గుర్తించడం తగ్గిపోతుంది. పడుకున్నప్పుడు, కూర్చున్నప్పుడు, నిలబడ్డప్పుడు ఆ కదలిక పరిమాణం మారుతుంది కూడా. పెట్టిన రోజు పడుకోబెట్టి పెట్టిన సెట్టింగు, లేచి తిరిగే మనిషికి సరిపోకపోవచ్చు. అందుకే కొన్ని వారాల తర్వాత కూర్చోబెట్టి, నిలబెట్టి మళ్లీ సరిచూడాలి. మన జిల్లాల్లో జరగనిది ఇదే. చెకప్ అంటే థ్రెషోల్డ్, బ్యాటరీ చూసి "బాగుంది" అని పంపేయడమైపోయింది. ప్రతి కంపెనీకి దాని సొంత ప్రోగ్రామర్ ఉంటుంది, కంపెనీ మనిషి హైదరాబాద్ నుంచి దాన్ని తెచ్చే రోజు పేషెంట్లు వరుసగా ఉంటారు, ఒక్కొక్కరికి దొరికేది కొద్ది నిమిషాలు. మీరు ఫోన్ చేసి ముందే చెప్పండి: "మాది మైక్రా ఏవీ, నీరసం ఉంది, పై గది సెన్సింగ్ సరిచూడాలి, టైం కావాలి" అని. అడిగితే చేస్తారు.

ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (పై గదులు క్రమం లేకుండా కొట్టుకోవడం) వల్ల పేస్‌మేకర్ పెట్టించుకున్న వాళ్లకు ఈ రెండు గదుల వరుస గొడవ లేదు. వాళ్లకు చూడాల్సింది రేట్ రెస్పాన్స్, అంటే నడిస్తే వేగం పెరగడం. శరీరం కదలికను బట్టి మిషన్ వేగం పెంచుతుంది. కారిడార్‌లో నడిపించి ఏ దిశలో కదలిక బాగా తెలుస్తోందో చూసి సెట్ చేయొచ్చు. ట్రాక్టర్ మీద గతుకుల దారిలో కూర్చుంటే కష్టపడకపోయినా కొందరికి గుండె వేగం పెరిగినట్టు అనిపించేది ఈ సెన్సర్ వల్లే.

సెట్టింగులన్నీ సరిచేశాకా ఆయాసం తగ్గకపోతే ఎకో తీయించాలి. కుడి గది నుంచి ఎక్కువ శాతం పేసింగ్ చేస్తే గుండె ఎడమ, కుడి వైపులు ఒకేసారి ముడుచుకోవు. ఏళ్ల తరబడి అలా నడిస్తే కొందరిలో ఎడమ గది బలం తగ్గుతుంది. అందరికీ రాదు. పేసింగ్ 20 శాతం దాటిన వాళ్లను గమనిస్తూ ఉండాలని మార్గదర్శకాలు చెప్తాయి, ఆ మోడ్ స్విచ్ ఆఫ్ చేస్తే మీ బాపుది దాదాపు 100 శాతం అవుతుంది. పెట్టకముందు ఎకోలో ఈఎఫ్ (ఒక్కో బీట్‌కు ఎడమ గది బయటికి నెట్టే రక్తం శాతం) ఎంతుందో ఆ కాగితం వెతికి దాచండి. అదే లేకపోతే తర్వాతి అంకెను దేంతో పోల్చాలో తెలియదు. డయాలసిస్ పేషెంట్లలో రక్తం తక్కువగా ఉండటం కూడా నీరసానికి పెద్ద కారణం. హిమోగ్లోబిన్ చూడకుండా నేరం పేస్‌మేకర్ మీద వేయొద్దు.

పెట్టింది సరైన రకమేనా అన్న మీ సందేహానికి ఒక్కమాట. డయాలసిస్ మనిషికి లీడ్‌లెస్ మంచి ఎంపిక. భుజం దగ్గరి రక్తనాళాల్లో వైర్లు వేస్తే ఆ వైపు ఫిస్టులాకు (డయాలసిస్ సూది కోసం చేతిలో కలిపిన రక్తనాళం) ఇబ్బంది, వారానికి మూడుసార్లు సూది పడే ఒంట్లో వైరుకు ఇన్‌ఫెక్షన్ భయం. ఈ రెండూ దీంట్లో బాగా తక్కువ. ఎప్పుడైనా ఫిస్టులా ఆగిపోయి మెడ దగ్గర క్యాథెటర్ వేయాల్సి వస్తే, లోపల లీడ్‌లెస్ ఉందని ముందే చెప్పండి, తీగ గుండెలోకి లోతుగా పోకుండా జాగ్రత్త పడతారు.

ఒక విషయం మాత్రం పెద్దక్షరాలతో రాసుకుని కార్డుతో పాటు పెట్టుకోండి. మైక్రాకు అయస్కాంతం పనిచేయదు. మామూలు పేస్‌మేకర్ ఉన్న మనిషికి ఆపరేషన్ చేసేటప్పుడు కాటరీ (కరెంట్‌తో కోసి, రక్తం ఆపే పరికరం) కరెంట్ వల్ల తేడా రాకుండా ఛాతీ మీద మాగ్నెట్ పెడతారు, అది స్థిరమైన రేటుకు మారుతుంది. మైక్రాలో మాగ్నెట్‌ను గుర్తించే సెన్సరే లేదు, చిన్న క్యాప్సూల్‌లో చోటు చాలదు. కాబట్టి ఫిస్టులా ఆపరేషన్ అయినా, హెర్నియా అయినా, కాటరీ వాడతారంటే ముందే కార్డు చూపించి, ప్రోగ్రామర్‌తో మోడ్ మార్పించాలి, అయ్యాక మళ్లీ పాత మోడ్‌కు తెప్పించాలి. జిల్లా స్థాయిలో మత్తు డాక్టర్లకు ఈ క్యాప్సూల్ కొత్త కావచ్చు. ఛాతీ మీద డబ్బా, కుట్టు కనపడవు కాబట్టి మీరు చెప్పకపోతే పేస్‌మేకర్ ఉందనే తెలియదు. ఎంఆర్ఐ తీయొచ్చు, 1.5, 3 టెస్లా రెండింటికీ అనుమతి ఉంది, దానికీ ముందు ప్రోగ్రామర్‌తో సెట్ చేయాలి. మోకాళ్ల నొప్పికి ఫిజియోథెరపీ సెంటర్లో ఇచ్చే షార్ట్‌వేవ్ డయాథర్మీ (విద్యుత్ తరంగాలతో లోపలికి వేడి పెట్టే చికిత్స) మాత్రం అస్సలు వద్దు.

పొలం మోటర్ స్టార్టర్ ఆన్ చేయొచ్చు. ఎర్తింగ్ సరిగ్గా ఉండాలి, తడి చేతులతో ముట్టుకోవద్దు. షాక్ కొడితే పేస్‌మేకర్ ఉన్నా లేకపోయినా ప్రమాదమే. నడుస్తున్న మోటర్ మీద వాలకుండా రెండడుగుల దూరం ఉంటే చాలు. ఇండక్షన్ స్టవ్‌కూ అదే దూరం. వెల్డింగ్ సొంతంగా చేయొద్దు. సెల్‌ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని మాట్లాడొచ్చు, చొక్కా జేబులో ఛాతీ మీద పెట్టుకోకుండా ఉంటే సరి. గుళ్లో, బస్టాండులో మెటల్ డిటెక్టర్ గేటు కింద నిలబడకుండా నడుచుకుంటూ పోవచ్చు. క్యాప్సూల్‌ను లోపలికి పంపిన తొడ దగ్గరి గాయం మానిపోయి ఉంటుంది కాబట్టి గొంతుక్కూర్చోవడానికీ, నాట్ల టైంలో పొలం గట్ల మీద తిరగడానికీ ఇబ్బంది లేదు. అయితే 40 పల్స్ సంగతి తేలేదాకా ఒంటరిగా బావి కాడికి, బండి నడపడానికి పంపొద్దు.

ఈ వారం ఈసీజీ, పొటాషియం, హిమోగ్లోబిన్ చేయించండి. తర్వాతి చెకప్‌ను డయాలసిస్ అయిన మరుసటి రోజుకు పెట్టించుకోండి, అలసట ఉండదు, అంకె కూడా నిజానికి దగ్గరగా వస్తుంది. రిపోర్ట్ ప్రింట్ ఇవ్వమని తప్పకుండా అడగండి, "బాగుంది" అన్న మాటతో తిరిగి రావద్దు. ఆ ప్రింట్‌లో మోడ్, కనీస రేటు, పేసింగ్ శాతం, వీవీఐ ప్లస్‌లో గడిచిన సమయం ఉన్న పేజీ ఫోటో ఇక్కడ పెట్టండి. పేరు, నంబరు కనపడకుండా మూసేసి పెట్టండి. చూసి చెప్తాను.